ఆ కొన్ని రోజులు మీకిచ్చిన పొడి మాది కాదు

మా కొట్లో కాఫీ పొడి కొనేవాళ్ళందరికీ నమస్కారం.

మే నెలలో కొన్ని రోజుల పాటు మా కవర్లో పోసి మీకిచ్చిన పొడి మేం వేపింది కాదు, మేం ఆడించింది కాదు. బయట కొన్నది. రుచి తేడాగా ఉందని మీలో కొందరు అడిగారు. "వీధంతా దుమ్ము కదా, ముక్కులు పనిచేయడం లేదేమో" అని నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉన్న మా వీధిని నడిచేవాళ్ళకే వదిలేయాలని పాత సిమెంటు రోడ్డు పగలగొట్టి రాతి పలకలు పరుస్తున్న సంగతి మీకు తెలుసు. సంక్రాంతి అయిపోగానే తవ్వకం మొదలైంది. ఒకవైపు కాలవ, ఇంకోవైపు నీళ్ళ పైపు, మధ్యలో కరెంటు కేబులు. నేను ఈ పనికి అడ్డం కాదు. వీధిలో మొదటి మీటింగు పెట్టినప్పుడు, బండ్లు రాకపోతే బేరాలు పోతాయని చాలామంది గొడవపడితే, కానివ్వండి అన్నవాళ్ళలో నేనొకణ్ణి. చెన్నైలో పాండీ బజారు దగ్గర 2019లో తెరిచిన నడక దారి చూసొచ్చాను. పిల్లల చెయ్యి వదిలేసి జనం నడుస్తుంటే ముచ్చటేసింది. అయినా 1130లో రామానుజులవారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన నాటి ఊరు మనది. గుడి చుట్టూ వీధులు వేసింది మనుషులు నడవడానికీ, రథం తిరగడానికీ. ఆటోలు రివర్సు తీసుకోవడానికి కాదు. బెంగళూరు చర్చి స్ట్రీటును 2017లో తవ్వి 2018లో తెరిచారు. ఏడాది ఓపిక పట్టాలని ముందే అనుకున్నాను. దుమ్ముకు సిద్ధపడ్డాను. గంగమ్మ జాతరలో లాగా ఒళ్ళంతా తెల్లటి నామంకొమ్ము పూసుకోకుండానే మా వీధి కొట్లవాళ్ళందరం బైరాగి వేషం కట్టినట్టు తయారయ్యాం, దానికీ నవ్వుకున్నాం.

సిద్ధపడనిది కరెంటుకు. గంగమ్మ జాతర వారంలో ఒక మధ్యాహ్నం జేసీబీ పన్ను తగిలి కేబులు తెగింది. తెల్లారేసరికి తాత్కాలికంగా సింగిల్ ఫేజు ఇచ్చారు. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, పక్కన గాజుల కొట్టుకు ఏ ఇబ్బందీ లేదు. నా గ్రైండరు మోటారు మాత్రం 3 ఫేజులుంటే గానీ కదలదు. జాయింటు సామాను రావాలి అన్నారు. రేపన్నారు, ఎల్లుండన్నారు, సగంమంది పనివాళ్ళు జాతరకు పోయారన్నారు. అట్లా 11 రోజులు.

జనరేటరు తెప్పిద్దామంటే బండి వీధిలోకి రాదు. కందకం మీద చెక్క పలక వేసి మనుషులే ఒక్కొక్కరుగా దాటుతున్నారు. మిరపకాయలు ఆడించే మిల్లుకు కాఫీ గింజలు మోసుకుపోలేను కదా. చిత్తూరులో మా బావ వాళ్ళకు మిషనుంది. రోజు మార్చి రోజు 70 కిలోమీటర్లు పోయి ఆడించుకు రావచ్చు. అదే చేసుండాల్సింది. చేయలేదు. రెండేళ్ళుగా ఆయనతో నాకు మాటల్లేవు, అంతకు మించి కారణం లేదు.

కొట్లో 40 కిలోల గింజలు వేపినవి వేపినట్టే ఉన్నాయి. గింజగా ఉన్నంతవరకు గట్టి మూత పెడితే వాసన నిలుస్తుంది. పొడి చేశాక రోజులు గడిచేకొద్దీ చప్పబడుతుంది, పక్కనున్న వాసనంతా లాగేసుకుంటుంది. అందుకే మీకెప్పుడూ వారానికి సరిపడానే కొనుక్కోమని చెప్తాను. ఇంట్లో చేతిమిషను ఉన్న ఇద్దరు గింజలే తీసుకుపోయారు. మిగతావాళ్ళకు ఏమివ్వాలి?

అమ్మ ఒక్కటే మాటంది: "మూసెయ్ రా. మీ నాయన చచ్చిపోయినప్పుడు 13 రోజులు మూయలేదా, కొట్టు ఎక్కడికన్నా పోయిందా?" నా భార్యది ఇంకో దారి. బయట పొడి కొనుక్కొచ్చి అమ్ము, కానీ అది మనది కాదని బోర్డు పెట్టు అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూస్తే మీరు సూపర్ మార్కెట్లో ప్యాకెట్ అలవాటు చేసుకుంటారని భయం. పైగా వైశాఖం, పెళ్ళిళ్ళ ఆర్డర్లకు అడ్వాన్సులు తీసుకుని ఉన్నాను. తెల్లారి ఒక అట్టముక్క మీద మార్కరుతో రాశాను: "కరెంటు లేదు. ఇది మా పొడి కాదు. మిషను తిరిగేదాకా ఓర్చుకోండి." రాసి గల్లాపెట్టె పక్కన పెట్టాను. మొదటి బేరం వచ్చింది. పదిగంటలకు తగిలిద్దామనుకున్నాను, సాయంత్రం అనుకున్నాను. 1988 నుంచి ఉన్న కొట్టుకు "మా పొడి కాదు" అని బోర్డు ఎట్లా కడతామనిపించింది. ఆ అట్ట ఇప్పటికీ గల్లా కిందే ఉంది.

ఇక ఆ పొడి ఎవరిచ్చారంటే, నాయన కాలం నుంచి మాకు చికోరీ, అంటే కాఫీలో కలిపే వేరు పొడి, వేసే హోల్‌సేల్ ఆయన. పేరు రాయను. 22 ఏళ్ళు ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా చికోరీ కొనలేదు. నాయన పోయినప్పుడు పెద్దకర్మ దాకా ఉండి వెళ్ళిన మనిషి. ఫోను చేసి పరిస్థితి చెప్పి, మీరు కాఫీ కూడా ఆడిస్తారు కదా, మా పాళ్ళలోనే, 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ కలిపి 60 కిలోలు పంపండి అన్నాను. "నువ్వు అడగాలా నాయనా, మన కొట్టు అనుకో" అన్నారు. సాయంత్రానికి మూటలు కందకం అవతల దించారు. బిల్లు మీద 80:20 అనే ఉంది. వాసన చూశాను, కొంచెం తీపి వాసన ఎక్కువనిపించింది. ఆయన్ను పరీక్ష పెట్టడమేంటని ఊరుకున్నాను.

ఆరో రోజు మన హెడ్మాస్టరు సారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయింది, చాలామంది ఆయన్ను మా కొట్లో చూసే ఉంటారు. పలక మీద నుంచి నెమ్మదిగా దాటి వచ్చి, ప్యాకెట్ గల్లా మీద పెట్టి, "ఒక గ్లాసు మంచినీళ్ళియ్యి" అన్నారు. తాగడానికనుకున్నాను. అందులో చిటికెడు పొడి చల్లారు. కాఫీ అయితే నీళ్ళ మీద తేలుతుంది, చికోరీ దిగిపోతూ రంగు వదులుతుంది. పైన పలచగా ఒక పొర నిలిచింది. మిగతాదంతా గోధుమరంగు దారాల్లాగా చకచకా కిందికి జారింది. గ్లాసు అడుగు ఎర్రబడేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. "ఏం నాయనా, చికోరీ కొట్టు పెట్టినావా?" అని, డబ్బులు కూడా అడక్కుండా వెళ్ళిపోయారు.

ఆ వెంటనే మా పాత పొడి డబ్బా అడుగున మిగిలింది ఇంకో గ్లాసులో వేసి చూశాను. వాదించడానికేమీ మిగల్లేదు. ఫోను చేస్తే ఆయనేమన్నారో తెలుసా? "ఎండాకాలం కదా, నీళ్ళు వేడిగా ఉంటే ఏ పొడైనా దిగుతుంది." తిరుపతి ఎండలు నాకు కొత్తనా? వెనక్కి తీసుకోండి అంటే, విప్పిన మూట తీసుకోను అన్నారు. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంతో కవరు మీద వేయాలి అన్నది రూలు. ఆయన పొడి ఆ 51 కూడా తప్పిందా లేదా అన్నది గ్లాసు తేల్చదు. 80 మాత్రం కాదు, నా కవరు మీద ఉన్నది 80. ఆయన చేసింది మోసమే, కానీ దాన్ని నాయన బొమ్మ ఉన్న కవర్లో పోసింది నేను. సారు వెళ్ళాక అమ్మకం ఆపేశాను, మిగిలిన 5 రోజులు గింజలే అమ్ముతూ కూర్చున్నాను. అప్పటికి 46 కిలోలు మీ ఇళ్ళకు చేరిపోయాయి. మిగిలిన 14 కిలోలు గోతంలో కట్టి గల్లా పక్కనే పెట్టుకున్నాను. ఎందుకు పారేయలేదని అడక్కండి.

ఇప్పుడు సంగతి. 3 ఫేజు వచ్చింది, మిషను తిరుగుతోంది. ఆ రోజుల్లో కొన్నవాళ్ళు ఎంత కొన్నారో చెప్పండి, అంత పొడి మళ్ళీ ఇస్తాను. బిల్లు వద్దు, ఖాళీ కవరు కూడా వద్దు. అబద్ధం చెప్పి తీసుకుపోయేవాళ్ళు ఉంటారని మా తమ్ముడంటాడు. ఉంటే ఉండనీ, వాళ్ళకూ మంచి పొడే పోతుంది. పెళ్ళికి తీసుకున్న మూడు కుటుంబాలకు డబ్బులే తిరిగిచ్చాను. హెడ్మాస్టరు సారు ఇంకా రాలేదు, మనవణ్ణి పంపిస్తున్నారు. అరకిలో కొనే ఇల్లు, ఇప్పుడు 100 గ్రాములు చాలంటున్నాడు.

చికోరీ మనిషిని మార్చాను. కొత్త చికోరీ కొంచెం తక్కువ తీపి, అలవాటు కావడానికి వారం పట్టొచ్చు. అది కూడా మోసమనుకోకండి. అనుమానమొస్తే గల్లా మీద గ్లాసు, చెంబుతో నీళ్ళు పెట్టాను, మీ చేత్తోనే చల్లి చూసుకోండి.

ఇంకో మాట. మీరు కూర్చుని పేపరు చదివే కడప రాతి తిన్నె ఇక లేదు. కాలవ మీదికి వచ్చిందని తీయమన్నారు, నేనే తీయించాను. కొత్త పలకల మట్టం మా గడప కంటే 4 అంగుళాలు ఎత్తు వస్తుందని మేస్త్రి నీళ్ళ ట్యూబు పట్టి చూపిస్తే, దాని మీద మాత్రం ఇంజనీరుతో తగువేసుకున్నాను. 2021 నవంబరు వానలకు కొట్లో మోకాలి లోతు నీళ్ళు చూసినవాణ్ణి. 2 అంగుళాలు తగ్గించారు, మిగతా 2 అంగుళాలకు గడప లేపుకున్నాను. లోపలికి వచ్చేటప్పుడు కాలు ఎత్తి వేయండి.

బండ్లు వీధి మొగలోనే ఆపాలి. నడవలేనివాళ్ళు ఫోను చేస్తే పిల్లాడు పొట్లం తెచ్చి ఇస్తాడు, దానికి వేరే డబ్బులేమీ లేవు. మంగళ, శుక్రవారాలు పొద్దున 7 గంటలకు వేపుడు, 8కి ఆడించడం. రాయి కోత 11కు మొదలవుతుంది, అప్పటినుంచి డబ్బాల మూతలు తీయను, ఎవరడిగినా తీయను. ఆ లోపలే రండి.