అంబలి లెక్కలోకి వస్తుందా?

ఒసే థర్మామీటరూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ పెన్ను పట్టుకునే నిద్రపోయాను. అందరం బాగానే ఉన్నాం, అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చంటోడికి పళ్లొస్తున్నాయి. ఇక అసలు సంగతి విను, ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

మా డయాలసిస్‌కి ఉద్దానం నుంచి ఒక తాత వస్తాడు. కవిటి వైపు, జీడితోట ఉంది. వారానికి 3 సార్లు, సారికి 4 గంటలు. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి నీకు చెప్పక్కర్లేదు, ఇన్నేళ్లయినా కారణం ఇదీ అని తేలనేలేదు. తాత ఎప్పుడొచ్చినా మూడు, మూడున్నర కిలోలు పెరిగి వస్తాడు. అదంతా ఒంట్లో చేరిన నీరే. ఒక్కసారే అంత లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి కేకలు పెడతాడు. నీళ్లెక్కువ తాగుతున్నావా అంటే "రెండు గ్లాసులే తల్లీ" అని ఒట్టేస్తాడు. డ్యూటీ మారినప్పుడల్లా అప్పగింతల్లో ఒకటే మాట, తాత అబద్ధాలాడతాడని. నేనూ అదే అప్పజెప్పాను.

బుధవారం ఏకంగా 4 కిలోలు. కొత్తగా చేరిన పిల్ల తూచి రాసింది. చెప్పులతో తూచావా, కళ్లు కనపడవా అని అందరి ముందూ అరిచాను. అచ్చం మన కారప్పొడి సిస్టరే! అదే గొంతు, నడుం మీద అదే చెయ్యి. నువ్వుంటే పడి పడి నవ్వేదానివి. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. "మళ్లీ తూస్తాను మేడమ్" అంది. తూచింది. నాలుగే.

నేల తుడుస్తున్న మా ఆయమ్మ, ఆవిడదీ ఆ వైపే, సోంపేట, తలెత్తకుండానే అడిగింది, "తాతా, పొద్దున్న ఏటి తిన్నావు?"

"అంబలి."

"మద్దేనం?"

"అంబలే. రేత్రీ అంబలే. చెంబుడు."

చోడంబలే, అదే రాగంబలి! లీటరుకి మించి తాగొద్దని గోడ మీద కాగితం అంటించాం, డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను. ఏం తింటున్నావని ఒక్కరం అడగలేదు. "అంబలి నీళ్లేటమ్మా, తిండి కదేటి" అన్నాడు తాత. చారూ మజ్జిగా కూడా ఆయన లెక్కలో లేవు. ఒక్క అబద్ధం ఆడలేదే మనిషి! అన్ని నెలలు మేమే...

పైగా నన్నే నిలదీశాడు. "ఆ పిల్లనేటికి తిట్టినావు? రోజూ నా చెయ్యి ముట్టుకుని, తేనెటీగలున్నాయా తాతా అని అడుగుతాది." ఫిస్టులా, అదే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళం, జుమ్మంటోందో లేదో చూడ్డమే లే. నేనూ చూస్తాను, తాతతో మాట్లాడకుండా.

తిట్టడం అందరి ముందూ, సారీ చెప్పడానికి మాత్రం స్టోర్ రూమ్ వెతుక్కున్నాను. "పర్లేదు మేడమ్" అని, వెంటనే "ఆ చెంబు తెమ్మందామా?" అంది. శుక్రవారం తెచ్చాడు. కొలిస్తే 700 మి.లీ. మూడు పూటలు, రెండు రోజులు, నువ్వే లెక్కేసుకో. అప్పగింతల పుస్తకంలో ఆ పిల్లచేతే రాయించాను.

శుక్రవారం రెండున్నరే పెరిగాడు గానీ ఆకలేస్తోందని కోపం. సంకటి చేసుకోమంటే పళ్లు లేవంటాడు. డైటీషియన్‌ని అడగాలి, అసలు చోళ్లు ఎంతవరకు... అయ్యో, బస్సొచ్చేసింది. నీ డబ్లిన్ ముసలమ్మ ఇంకా నీ చేత్తోనే టీ తాగుతానంటోందా? రాయి