నాన్నగారికి, ఫామ్‌విల్ బడి గురించి

రిచ్‌మండ్, వర్జీనియా

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? కొత్త మందు పడిందో లేదో రాయండి.

మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని ఫామ్‌విల్ వెళ్ళాం. ఇక్కడికి వంద కిలోమీటర్లు ఉంటుంది. ఒకప్పుడు చుట్టుపక్కలంతా పొగాకు సేద్యమే. అక్కడ నల్లజాతి పిల్లల కోసం 1939లో కట్టిన మోటన్ హైస్కూలు ఇప్పుడు మ్యూజియం. జీవితమంతా బడిలోనే గడిపిన మీకు ఆ బడి కథ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అప్పట్లో వర్జీనియాలో తెల్లపిల్లల బడి వేరు, నల్లజాతి పిల్లల బడి వేరు. చట్టమే అలా ఉండేది. వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలని 1896లో సుప్రీంకోర్టు కూడా ఒప్పేసుకుంది. ఇక ఆ సమానం ఎలా ఉండేదో చూడండి. 180 మందికని కట్టిన మోటన్‌లో 450 మందికి పైగా చదివేవారు. ల్యాబ్ లేదు, కూర్చుని తినడానికి చోటు లేదు. గదులు చాలడం లేదంటే చెక్క షెడ్లు వేసి తారు కాగితం కప్పారు. షెడ్డుకో పొయ్యి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్న పిల్లలు ఉడికిపోయేవారు, దూరంగా ఉన్నవాళ్ళు కోట్లు విప్పేవారు కాదు. వానొస్తే పైకప్పు కారేది. దారిన పోయేవాళ్ళు వాటిని చూసి కోళ్ళఫారం అనుకునేవారట.

1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి ఎంత పని చేసిందో! బస్టాండు దగ్గర మోటన్ పిల్లలు ఏదో గొడవలో ఇరుక్కున్నారని ఫోన్ చేయించి, ప్రిన్సిపల్ గారిని బయటికి పంపించింది. అందర్నీ హాల్లోకి పిలిపించి, టీచర్లను వెళ్ళిపొమ్మని చెప్పి, స్టేజీ మీద నిలబడి సమ్మెకి పిలుపునిచ్చింది. మేమూ ఆ హాల్లో కాసేపు కూర్చున్నాం. పెద్దది నోరు మెదపలేదు, తనకీ పదహారే కదా.

వాళ్ళడిగింది మంచి బిల్డింగు. లాయర్లు మాత్రం, అసలు ఈ వేరు బళ్ళ పద్ధతి మీదే కేసు వేద్దామంటే వస్తామన్నారు. పిల్లలూ, తల్లిదండ్రులూ సరేనన్నారు. ఆ కేసు మరో నాలుగింటితో కలిసి, 1954లో సుప్రీంకోర్టులో బ్రౌన్ తీర్పు వచ్చింది. వేరు బళ్ళు చెల్లవని తేలిపోయింది.

నాకు తెలిసిన కథ ఇంతవరకే. తర్వాతది అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఇక కలిపి కూర్చోబెట్టక తప్పదని 1959లో కోర్టు చెప్పేసరికి, ఫామ్‌విల్ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) పెద్దలు సర్కారు బళ్ళన్నిటికీ డబ్బు ఆపేసి తాళాలు వేశారు! తెల్లపిల్లలకి ప్రైవేటు స్కూలు పెట్టుకున్నారు. నల్లజాతి పిల్లలకి ఐదేళ్ళు సర్కారు బడే లేదు. కొందరిని వేరే ఊళ్ళలో చుట్టాల ఇళ్ళకి పంపారు. కొందరికి చర్చిలో నాలుగు ముక్కలు నేర్పారు. చాలామంది పనుల్లోకి పోయారు. 1964లో సుప్రీంకోర్టు చెబితే గానీ బళ్ళు తెరవలేదు. మూసినప్పుడు ఏడేళ్ళున్న పిల్లకి తెరిచేసరికి పన్నెండు. ఆ పిల్లని ఏ క్లాసులో కూర్చోబెడతారు నాన్నా?

మీ చిన్నప్పుడు పేట పిల్లల్ని అరుగు కింద కూర్చోబెట్టి పాఠం చెప్పేవారని మీరన్నది గుర్తొచ్చింది. కానీ కలిసి కూర్చోవాల్సి వస్తుందని బడికే తాళం వేయడం నేనెక్కడా వినలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

ఆ ఐదేళ్ళలో చదువు పోయినవాళ్ళకి 2004లో వర్జీనియా ప్రభుత్వం స్కాలర్‌షిప్పులు పెట్టింది. ఆనాటి ఆరేళ్ళ పిల్లలకి అప్పటికి యాభై దాటాయి.

మధ్యలో చదువు మానేసిన పిల్లల ఇళ్ళకి మీరు సైకిలేసుకుని వెళ్ళేవారు కదా. వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు, రానివాళ్ళు ఏమయ్యారు? తీరిక చూసుకుని వివరంగా రాయండి. పెద్దదానికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ అమ్మాయి