ఫ్రెంచిలో పరామర్శ

అయ్యా,

తిరుపతిలో గైడ్లు, హోటల్ సిబ్బంది, ఫ్రాన్స్‌కు చదువుకోను వెళ్లే పిల్లలు కొనుక్కునే చిన్న ఫ్రెంచి పుస్తకాల్లో గది అద్దె అడగడం, దారి అడగడం ఉంటాయి. కష్టంలో ఉన్న మనిషిని ఎలా పలకరించాలో ఉండదు. మీ చదువుల పేజీలో దానికి కాస్త చోటివ్వండి.

ముందు చావును తక్కిన కష్టాల నుంచి విడదీయాలి. ఎవరైనా పోయారని తెలిస్తే ‘తూత్ మె కోఁదోలెఆఁస్’, అంటే నా ప్రగాఢ సానుభూతి అంటారు. ఈ సందర్భంలో ఆ మాట బహువచనంలోనే ఉంటుంది, చావుకే చెల్లుతుంది. ఉద్యోగం పోయినవాడితో అంటే బిత్తరపోతాడు. కార్డు మీదైతే ‘జ వూ ప్రెజాఁత్ మె సఁసేర్ కోఁదోలెఆఁస్’ అని పూర్తి వాక్యం రాయడం మర్యాద. అరసున్న ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి. ‘న్’ అని నొక్కితే ఇంగ్లీషులా వినిపిస్తుంది. (బడిలో వదిలేసిన అరసున్న ఇన్నాళ్లకు పనికొచ్చింది!) త, దలు మనవాటిలాగే పళ్లకు తగలాలి. ట, డ అనకూడదు.

జబ్బుపడ్డవారికి ‘బోఁ రెతాబ్లీస్‌మాఁ’, అంటే త్వరగా కోలుకోండి అని. ఆపరేషన్, పరీక్ష లాంటివి ముందున్నవారికి ‘బోఁ కురాజ్’, అంటే ధైర్యంగా ఉండండి అని.

ఎక్కువ పొరపాట్లు ‘దెజొలె’ దగ్గరే. ‘బాధపడుతున్నాను’ అనే ఆ మాటను క్షమాపణకూ వాడతారు. ఒట్టిగా అంటే తప్పు మనదేనేమో అనిపించవచ్చు. ‘జ సుయి దెజొలె పూర్ వూ’ అంటే మీ కష్టానికి బాధపడుతున్నానని తేలిపోతుంది. రాసేది ఆడవారైతే ‘దెజొలె’ చివర ఇంకో ‘e’ అక్షరం చేర్చాలి, పలకడంలో తేడా రాదు. స్నేహితులతో ‘వూ’ బదులు ‘త్వా’ చాలు. కొత్తవారికీ పెద్దవారికీ మాత్రం ‘వూ’యే, మన ‘మీరు’లాగా. దుఃఖంలో ఉన్నారు కదా అని చనువు తీసుకోకూడదు.

‘స నె పా గ్రావ్’ అంటే ‘పర్వాలేదులే’ అని. గ్లాసు ఒలికించినవారికి సరిపోతుంది. పాస్‌పోర్టు పోగొట్టుకున్న యాత్రికురాలితో అంటే మాత్రం ఆమె బాధను తేలిక చేసినట్టే. అక్కడ ‘న వూ జఁకియెతె పా’, అంటే కంగారుపడకండి అని, వెంటనే పోలీసు స్టేషనుకు దారి చూపాలి. అలిపిరి మెట్ల మీద కాలు బెణికినవారికి ‘సా వా అలె’, అంటే సర్దుకుంటుందిలే అని, అంటే చాలు, నొప్పి మరీ ఎక్కువగా లేకపోతేనే.

ఏమీ తోచకపోతే ‘జ పాఁస్ ఆ వూ’ అనండి. మీరే నా మనసులో ఉన్నారని అర్థం. చావుకైనా, జబ్బుకైనా అది సరిపోతుంది.

— ఒక ఫ్రెంచి అధ్యాపకుడు, తిరుపతి