కొన్న బొమ్మకు కప్పు, చేసిన బొమ్మకు మూల

సంపాదకుల వారికి,

ఫిబ్రవరి 28 వైజ్ఞానిక ప్రదర్శన ఫొటోను పోయిన వారం మీ జిల్లా పేజీలో చూశాను. కప్పు గెలిచిన ‘స్మార్ట్ సిటీ’ నమూనా అనంతపురం బజారులో డబ్బాతో సహా దొరికే సరుకేనని ఆ బల్ల దగ్గర నిలబడ్డ అందరికీ తెలుసు, న్యాయనిర్ణేతలకు తప్ప. సి.వి. రామన్ 1928లో కొద్దిపాటి పరికరాలతో సాధించిన ఫలితానికి గుర్తుగా జరుపుకునే రోజున ఈ విడ్డూరం!

ఏడో తరగతి చదివే మా అమ్మాయి, పాత బొమ్మకారులోంచి ఊడదీసిన మోటారును కాగితపు కప్పుకు అంటించి, ఇరుసుకు ఒక పక్కగా రబ్బరు ముక్క గుచ్చి, మూడు స్కెచ్ పెన్నులను కాళ్లుగా కట్టింది. బరువు ఒకవైపే ఉండడంతో మోటారు తిరుగుతుంటే కప్పు వణుకుతూ కాగితం మీద సున్నాలు చుడుతుంది. మొదటి రోజు అది కదలనే లేదు. ఒకటిన్నర వోల్టుల సెల్లులు రెండింటినీ ప్లస్సుకు ప్లస్సు తాకేలా పెట్టిందని కనిపిస్తున్నా నేను నోరు మెదపలేదు. గంటసేపు పెనుగులాడి తానే సరిచేసుకుంది. తీగలు తారుమారు చేస్తే మోటారు ఎదురు తిరుగుతుందనీ, స్విచ్చుగా పెట్టిన జెమ్‌క్లిప్పు కాస్త పైకి లేచినా కరెంటు ఆగిపోతుందనీ ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. ఆ ప్రదర్శనలో తన బొమ్మను ‘అందంగా లేద’ని మూలకు నెట్టారు.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. మోటారు ఎదురు తిరిగితే మూడు ఫేజుల్లో రెండు తీగలు మార్చి బిగించాలనీ, ఒక ఫేజు పోయినప్పుడు నడిపితే కాలిపోతుందనీ మా దగ్గరికి వచ్చే రైతులు డబ్బు వదిలాకే నేర్చుకుంటున్నారు. వారి పిల్లలకైనా బడిలో ముందే తెలియాలి కదా! కానీ అక్కడ సామాను బీరువాలో, తాళంచెవి ఇంకెక్కడో. పరికరం పగిలితే జవాబు ఎవరు చెప్పాలన్న భయంతో అధికారి తనిఖీకి వచ్చిన రోజు మాత్రం దుమ్ము దులుపుతారు. పిల్లలు తామే విప్పి, బిగించి నేర్చుకునే ‘అటల్ టింకరింగ్ ల్యాబ్‌’ల పేరిట ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే దేశంలో, రెండు సెల్లులూ ఒక చిన్న మోటారూ పిల్లల చేతికి ఇవ్వడానికి ఎవరి సంతకం కావాలో విద్యాశాఖ వారే సెలవివ్వాలి.

వచ్చే ఏడాది న్యాయనిర్ణేతల బల్ల మీద పూలగుత్తులకు బదులు ఒక స్క్రూడ్రైవరు పెట్టించండి. తాను తెచ్చిన నమూనాను విప్పి, మళ్లీ బిగించి నడిపించిన పిల్లవాడికే కప్పు ఇవ్వండి.

– ఒక మోటారు వైండింగ్ పనివాడు, అనంతపురం