మెష్ అమ్మడం వరకేనా మీ బాధ్యత?

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

సాగర్ నగర్‌లో మేం కట్టుకుంటున్న ఇంటి శ్లాబ్ కోసం మీ వెల్డెడ్ మెష్, అంటే కడ్డీలను అడ్డంగా నిలువుగా వెల్డింగ్ చేసిన ఇనుప వల షీట్లు, కొన్నాను. సరుకు మీద నాకు పేచీ లేదు. దాన్ని ఎలా పరవాలో అడిగితే మీ కంపెనీలో ఒక్కరూ జవాబు చెప్పకపోవడమే నా బాధ.

నాలుగు షీట్ల మూలలు ఒకే చోట కలిస్తే ఇనుము నాలుగు పొరలుగా పేరుకుంటుంది, ఇనుమును కప్పి ఉండే కాంక్రీటు మందం, అంటే కవర్, తగ్గిపోతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. అది తగ్గితే తుప్పు ఎంత త్వరగా పడుతుందో విశాఖలో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. షీటు మీద షీటు ఎక్కే చోట్లు, అంటే లాపింగులు, ఒకే వరసలో రాకుండా జరిపి పరిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఏ షీటు ఎక్కడ పడాలో డ్రాయింగ్ ఇస్తామని అమ్మేటప్పుడు మీవాళ్లే మాటిచ్చారు.

ఆ డ్రాయింగ్ ఏదని డీలర్‌ని అడిగితే "కంపెనీకి ఫోన్ చేయండి సార్" అన్నాడు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి బిల్లు నంబరు రాసుకుని, టెక్నికల్ వాళ్లు మాట్లాడతారని పెట్టేసింది. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ చేస్తే ఇంకొకాయన, అదే బిల్లు నంబరు, అదే మాట. మరొకాయనైతే దోమల మెష్ అనుకుని కిటికీ కొలతలు అడిగాడు! శ్లాబ్ అని చెప్పాక, మళ్లీ డీలర్‌నే కలవమన్నాడు. ఈలోగా ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? పెట్టిన మెయిల్‌కి 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని తప్ప ఇంకో ముక్క రాలేదు.

గాజువాకలో మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు వాడింది మీ ఇనుమే. ఆ నమ్మకంతోనే మా బావగారి చేతా మీ దగ్గరే కొనిపించాను. ఇప్పుడు ఆయనకి ఏం చెప్పాలి? సెంట్రింగ్ కొట్టేసి ఉంది, అద్దె పెరుగుతోంది. రాడ్ బెండింగ్ వాళ్లు వేరే పనికి పోతామంటున్నారు. తోచినట్టు పరిచేసి కాంక్రీటు పోయమంటారా? పోశాక దిద్దుకునే పని కాదిది. రాత్రిళ్లు ఇదే టెన్షన్.

డ్రాయింగ్ చదవడం వచ్చిన మనిషిని వెంటనే సైటుకి పంపండి. పంపకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. సెంట్రింగ్ అద్దె, కూలీల నష్టం అన్నీ మీ చేతే కట్టిస్తాను. మా వీధిలో కట్టే ప్రతి ఇంటివాళ్లకూ మీరు నాతో ఎలా నడుచుకున్నారో చెబుతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విశాఖపట్నం