గరిక పెంచుతున్న అమ్మాజీకి

చిరంజీవి అమ్మాజీకి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మొన్నటి గాలివానకు పెరట్లో మునగ కొమ్మ విరిగింది. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి ఇరవై రోజులయింది.

గృహప్రవేశంలో కాకినాడ బాబాయి కలిసి, బ్యాంకులో వ్యవసాయాధికారి ఉద్యోగం వచ్చినా నువ్వు చేరలేదనీ, బెంగళూరులో ఆ గోల్ఫు మైదానంలోనే సగం జీతానికి గడ్డి పెంచుతూ ఉండిపోయావనీ నలుగురిలో అన్నాడు. నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను. ఇంటికొచ్చి అమ్మను అడిగితే తనకూ తెలియదంది. బాపట్లలో నాలుగేళ్లు చదివినదానివి, ఏ పని చేయాలో నీకు తెలుసు. దాని మీద వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

గ్రీన్ల మీద, అంటే రంధ్రం చుట్టూ నున్నగా కోసి ఉంచే చోట, మీరు పెంచే బెర్ముడా గడ్డి మన గరికకూ దక్షిణాఫ్రికా గరికకూ పుట్టిన సంకరమని నువ్వే చెప్పావు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా తాతయ్యే కళ్ల ముందు ఉంటున్నారు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మెరక చేనంతా గరిక కమ్మేసింది. తాతయ్య నాగలి కట్టి ముందు నడుస్తుంటే, నేను వెనక వంగి, పైకి తేలిన వేళ్లను ఏరి గట్టు మీద పోగు పెట్టేవాణ్ణి. ఒక్క గణుపు మిగిలినా మళ్లీ చిగురిస్తుందని ఆయన పదేపదే చెప్పారు. రోహిణి ఎండకు వేళ్లు పుల్లల్లా ఎండాక తగలబెట్టాం. ఈశాన్యం మూల తాటిచెట్టు కింద నేల గట్టిగా ఉందని, నేను పైపైన ఏరి ఊరుకున్నాను. తొలకరి పడిన వారానికే ఆ మూల పచ్చగా లేచింది. తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. గునపం పట్టుకుని అక్కడ కూర్చుని, పొద్దు వాలేదాకా మోకాటి లోతు తవ్వి, వేళ్లను ఒక్కొక్కటిగా దారం లాగినట్టు లాగారు. చివరి రోజులదాకా పొలం వెళితే ఆ మూల చూడకుండా ఇంటికి రాలేదు. అంత ప్రేమగా చేసిన సేద్యం ఆయనకు అప్పే మిగిల్చింది. పెద్దత్తయ్య పెళ్లికి అమ్మినది ఆ చేనే. నీ జీతం గురించి నేను ఇన్నిసార్లు అడగడం అందుకేనమ్మా. పని మీద ఎంత ఇష్టమున్నా అద్దె ఒకటో తారీకునే కట్టాలి. భవిష్య నిధి కోస్తున్నారో లేదో, ఆరోగ్య బీమా ఉందో లేదో, ఏడాదికి ఎంత పెంచుతారో కాగితం మీద రాయించుకోవాలి. ఇష్టంగా చేసేవాళ్లకు తక్కువ ఇచ్చినా సరిపెట్టుకుంటారని యజమానులు కనిపెట్టేస్తారు. పాఠం చెప్పనని అమ్మకు మాట ఇచ్చి కూర్చున్నాను, చెప్పేశాను.

జనవరిలో నేను వచ్చినప్పుడు తెల్లవారకముందే నన్ను మైదానం లోపలికి తీసుకెళ్లావు. మంచు మీద సాలెగూడులాంటి తెల్లని నూలు కనబడితే తెగులు మొదలైనట్టేనని, ఎండ వచ్చాక అది కంటికి ఆనదని చెబుతూ మోకాళ్ల మీద కూర్చున్నావు. బంతి పడే 108 మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రాన్ని కొత్తచోట కోసి, ఆ మట్టిముద్దను పాత రంధ్రంలో దించి, అరచేత్తో అదిమి, ఎత్తుపల్లాలు చూడడానికి చెంపను నేలకు ఆనించావు. 3 మిల్లీమీటర్ల ఎత్తున కోసినా ఆ గరిక ఎలా బతుకుతుందో తాతయ్య ఉంటే గంటసేపు నిన్ను అడిగి ఉండేవారు. నాకైతే అక్కడ నీ శిక్షణ ఆరునెలలే, తర్వాత వచ్చేస్తావన్న ధైర్యం ఉండేది, అందుకే ఏమీ అడగలేదు. అసలు 2021 ఆగస్టులోనే నాకు తట్టి ఉండాల్సింది. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫులో మన అదితి అశోక్ ఒక్క స్ట్రోకు (ఒక్క దెబ్బ) తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచిన ఉదయం మేమందరం బంతినే చూస్తుంటే, నువ్వు మాత్రం టీవీకి దగ్గరగా జరిగి, ఆ గడ్డి ఎంత సమంగా ఉందో చూడమన్నావు.

బ్యాంకు ఉద్యోగం సంగతి మాకు చెబితే నేను వద్దంటానని భయపడ్డావా? బహుశా అనేవాణ్ణే, ఒక రోజంతా అని ఉండేవాణ్ణి. అయినా ఆ మాట బాబాయి నోటినుంచి కాక నీ నోట వినాలని ఉంది.

గడ్డికి తెగులు మందు కొట్టే రోజు చేతితొడుగులూ ముఖానికి మాస్కూ లేకుండా దిగకు. చీకటితో వెళ్లేటప్పుడు పాములుంటాయి, బూట్లు దులిపి వేసుకో. ఉరుము వినబడగానే అన్నీ వదిలేసి లోపలికి వచ్చెయ్యి, ఆ బయట నీకంటే ఎత్తైనది ఏదీ ఉండదు. కొత్త ఆవకాయ, సున్నుండలు శనివారం రాత్రి బస్సులో వేస్తున్నాను, పాత స్టీలు డబ్బా తిరుగు బస్సులో పంపించు. అందగానే ఫోను చెయ్యి. జీతం ఎంతో కూడా అప్పుడే చెప్పు. అమ్మ వినకుండా పెరట్లోకి వెళ్లి వింటాను.

ఇట్లు,
నాన్న