చైనావారి పెద్ద పండుగను వంటింటి వైపు నుంచి చూపించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ ఏడాది ఫిబ్రవరి 17న చైనాలో సంప్రదాయ నూతన సంవత్సరం మొదలైన సందర్భంగా మన తెలుగు పత్రికల్లో నేను చదివిన వార్తలు దాదాపు ఒకే మూసలో ఉన్నాయి. ఇది గుర్రం సంవత్సరమని, ఫలానా ఏట పుట్టినవారికి ఫలానా ఫలితమని రాసి, పక్కన డ్రాగన్ నృత్యం ఫొటో వేసి ముగించారు. కానీ ఆ పండుగ చేసుకొనే కుటుంబాలకు ఎక్కడెక్కడో ఉన్నవారంతా ఇంటికి చేరడం, పెద్దలతో కలిసి భోంచేయడం, ఏడాది తియ్యగా మొదలు కావాలని మిఠాయిలు చేసుకోవడం ముఖ్యం. 2024 డిసెంబరులో యునెస్కో ఈ పండుగను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తించినది కూడా ఆ సామాజిక ఆచారాలనే. ఆ వంటింటి సంగతులను మన పాఠకులకు అందించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పండుగ సందడి కొత్త సంవత్సరానికి వారం ముందే పొయ్యి దగ్గర మొదలవుతుంది. వారి పన్నెండో చాంద్రమాసంలో ఉత్తర చైనావారు సాధారణంగా 23వ రోజున, దక్షిణాదివారు 24వ రోజున వంటింటి దేవుణ్ణి సాగనంపుతారు. పొయ్యి పైన గోడకు అంటించిన కాగితపు పటంలో ఉండి ఏడాది పొడుగునా ఆ ఇంటి మంచిచెడ్డలు చూసిన దేవుడు, ఆ రోజు పైలోకానికి వెళ్లి దేవతల రాజైన జేడ్ చక్రవర్తికి అన్నీ విన్నవిస్తాడని వారి నమ్మకం. అందుకే వండిన ధాన్యంలో మొలకెత్తిన బార్లీ కలిపి, దిగిన తియ్యటి రసాన్ని ముదురుపాకం వచ్చేదాకా కాచి చేసిన జిగురు మిఠాయిని ఆయనకు నైవేద్యం పెడతారు. కొన్ని ఇళ్లలో పటంలోని పెదవులకు కూడా పూస్తారు. తీపి తిన్న నోటితో మంచి మాటలే చెబుతాడని కొందరు, పెదవులు అతుక్కుపోయి చెడు చెప్పలేడని మరికొందరు అంటారు. తరువాత ఆ పటాన్ని కాల్చి, కొత్త సంవత్సరానికి కొత్త పటం అంటిస్తారు. దేవుడి మీద ఇంత చనువు, ఇంత ప్రేమ ఉన్న ఆచారం మన పాఠకులకు ఎంతో నచ్చుతుందని నా గట్టి నమ్మకం. చెరకుతో పని లేకుండా ధాన్యం నుంచే తీపిని రాబట్టే ఆ పద్ధతి గురించి విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు.

మిగిలిన తీపి వంటలు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. గ్వాంగ్‌డాంగ్, ఫూజియన్ ప్రాంతాల్లో జిగురు బియ్యప్పిండిని బెల్లం వంటి ముడి చక్కెరతో కలిపి గంటల తరబడి ఆవిరి మీద ఉడికించి నియెన్‌గావ్ చేస్తారు. ఏటేటా ఒక మెట్టు పైకి ఎదగాలన్న కోరికతో తినే ఈ మిఠాయిని పండుగ తరువాత ముక్కలు కోసి, గుడ్డు సొనలో ముంచి పెనం మీద వేయించుకుంటారు. యాంగ్‌జీ నది దిగువ ప్రాంతాల ఇళ్లలో ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, తామర గింజలు, ఎండు రేగుపండ్లు చేర్చి ఆవిరి మీద వండే ‘ఎనిమిది రత్నాల అన్నం’ పెద్ద భోజనంలో చివరి వంటకం. దక్షిణాది ఇళ్లకు వచ్చిన అతిథుల ముందు అరల పెట్టె పెడతారు; అందులో చక్కెర పట్టించిన తామర దుంప, తామర గింజలతో పాటు మన వడియాల బూడిద గుమ్మడి ముక్కలు కూడా ఉంటాయి. పదిహేనో రోజు, అంటే పౌర్ణమి నాటి దీపాల పండుగకు, నల్ల నువ్వులు, చక్కెర, పంది కొవ్వు కలిపిన పూర్ణం పెట్టిన జిగురు బియ్యప్పిండి ఉండలను వేడి నీటిలో ఉడికించి ఆ నీటితోనే గిన్నెల్లో వడ్డిస్తారు. చూపుకు అవి మన పాల ఉండ్రాళ్లలాగే ఉంటాయి. దక్షిణాదివారు పిండిని చేత్తో ఒత్తి పూర్ణం చుట్టూ మూస్తే, ఉత్తరాదివారు తడిపిన పూర్ణం ముక్కలను పొడి పిండి ఉన్న జల్లెడ బుట్టలో దొర్లించి ఉండ కట్టిస్తారు. ఆ గుండ్రదనంలో కుటుంబమంతా ఒక్కటిగా ఉండడాన్ని చూసుకుంటారు.

ఈ పండుగ కోసం చైనాలో 40 రోజుల పాటు సాగే రాకపోకల్లో 2025లో 900 కోట్లకు పైగా ప్రయాణాలు నమోదైనట్లు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దూరపు నగరాల్లో పనిచేసే వలస కార్మికుల్లో చాలామందికి సొంత ఊళ్లోని పిల్లలను కళ్లారా చూసుకొనే సమయం ఇదే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయలుదేరే బస్సులను, రైళ్లను ఎరిగిన మనకు ఆ ఆరాటం వేరే ఎవరో చెప్పనవసరం లేదు.

వారి పంచాంగం కూడా మనకు మరీ పరాయిది కాదు. మన లాగే చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కించి, అధిక మాసంతో సరిచేసుకుంటారు. 2025లో వారి కొత్త సంవత్సరం జనవరి 29న, సరిగ్గా మా చొల్లంగి అమావాస్య, అంటే పుష్య మాసపు అమావాస్య నాడే వచ్చింది. మలేసియా, సింగపూర్‌లలో ఉంటున్న తెలుగువారికి ఇది పొరుగింటి పండుగ. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో అనాస పాకం నింపిన చిన్న బిస్కట్లు తప్పనిసరిగా కనిపిస్తాయి. చైనాలో వైద్యవిద్య చదివి వచ్చిన మన పిల్లలూ ఎందరో ఉన్నారు. ఇటువంటివారి చేత రాయిస్తే సమాచారం నమ్మదగినదిగా ఉంటుంది.

వచ్చే కొత్త సంవత్సరం 2027 ఫిబ్రవరి 6న వస్తుంది. దానికి ముందు వచ్చే ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఇందుకు కేటాయించండి. వంట విధానం ప్రచురిస్తే, మామూలు బియ్యప్పిండితో దీపాల పండుగ ఉండలకు సాగే గుణం రాదని, జిగురు బియ్యప్పిండే కావాలని, మన దేశంలో అస్సాంవారు వాడే బోరా బియ్యం ఆ రకానిదేనని తెలపండి. అవి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున చిన్నపిల్లలకు, వృద్ధులకు చిన్న ముక్కలుగా చేసి పెట్టాలన్న హెచ్చరికను కూడా తప్పక చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ